57 ఏళ్లకు కెమెరా పట్టుకోవచ్చా? ఫొటోగ్రఫీ హాబీలో వయసు వల్ల మారేదేమిటి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీకు 57. వచ్చే ఏడాది బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరవుతున్నారు. ఫొటోగ్రఫీ హాబీగా మొదలుపెడదామని ఒక ఆదివారం పొద్దున్నే చార్మినార్ దగ్గర ఫొటోవాక్‌కి (గుంపుగా నడుస్తూ ఫొటోలు తీసుకునే కార్యక్రమానికి) వెళ్లారు. అక్కడున్న వాళ్లంతా ఇరవై, పాతికేళ్ల పిల్లలు. ఎవరూ ఏమీ అనలేదు గానీ మీకే ఇబ్బందిగా అనిపించి మధ్యలోనే వచ్చేశారు. ఈ హాబీ అసలు ఏ వయసు వాళ్లది, ఇప్పుడు మొదలుపెడితే ఏమైనా చేయగలనా, ఏ కెమెరా కొనాలి అన్నవి మీ ప్రశ్నలు.

హైదరాబాద్‌లో, విజయవాడలో కొత్తవాళ్లకి ఫొటోగ్రఫీ నేర్పుతూ చాలా ఏళ్లు గడిపాను. స్కూలు పిల్లలు వచ్చారు, డెబ్బై దాటిన పెద్దలూ వచ్చారు. నేను గమనించినంతలో, ఫొటో బాగా వస్తుందా రాదా అన్నది వయసు తేల్చదు. దేన్ని తీయాలి అన్నది మాత్రం చాలావరకు వయసే తేలుస్తుంది. ఒక్కో వయసులో మనకు దగ్గరగా ఉండే మనుషులు వేరు, మనల్ని రానిచ్చే చోట్లు వేరు, దొరికే తీరిక వేరు. తన వయసుకి అందుబాటులో ఉన్నదాన్ని తీసుకుంటూ పోయినవాళ్లు ఈ హాబీలో నిలబడ్డారు. పక్కవాడి వయసు ఫొటోలు తీయబోయినవాళ్లు ఏడాది తిరక్కుండానే కెమెరా బ్యాగు అటక మీద పెట్టేశారు.

ముందు ఆలస్యం సంగతి చూద్దాం. ఇంగ్లిష్ ఫొటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరాన్ పేరు మీరు వినే ఉంటారు. 1815లో కలకత్తాలో పుట్టిన ఆవిడకి మొదటి కెమెరాని కూతురు, అల్లుడు కలిసి 1863 చివర్లో బహుమతిగా ఇచ్చారు. అప్పటికి ఆవిడ వయసు 48. ఇంగ్లండ్‌లో తన ఇంటి బొగ్గుల కొట్టుని డార్క్‌రూమ్ (ఫొటోలు కడిగే చీకటి గది) చేసుకుంది, కోళ్ల షెడ్డుకి అద్దాలు బిగించి స్టూడియో చేసుకుంది. ఇంట్లో పనిచేసే అమ్మాయిలనీ, బంధువుల పిల్లలనీ, ఇంటికి వచ్చే కవులనీ శాస్త్రవేత్తలనీ కూర్చోబెట్టి ముఖాలు తీసింది. ఫోకస్ సరిగా లేదని అప్పటి ఫొటోగ్రఫీ సంఘాల పెద్దలు విమర్శించారు. ఆ ముఖచిత్రాలే ఇవాళ మ్యూజియాల్లో ఉన్నాయి.

మన సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ కూడా చిన్నప్పటి నుంచీ ఫొటోగ్రాఫర్ కాదు. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టాడు, రూర్కీలో ఇంజనీరింగ్ చదివాడు, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగం చేశాడు. కెమెరా పట్టింది 1874 ప్రాంతంలో, ముప్పై ఏళ్లకి. తర్వాత ఆ ఉద్యోగం వదిలేసి పూర్తిగా ఇందులోకి వచ్చాడు, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. జపాన్ ఫొటోగ్రాఫర్ నిషిమోతో కిమికో 1928లో పుట్టింది. 72 ఏళ్లప్పుడు కొడుకు చెప్పే ఫొటోగ్రఫీ క్లాసులో చేరింది, పదేళ్లకి తన మొదటి సోలో ఎగ్జిబిషన్ పెట్టింది. ఆవిడ ఫొటోల్లో చాలావాటికి సబ్జెక్ట్ ఆవిడే. చెత్త కవర్లో దూరినట్టు, గాల్లో ఎగురుతున్నట్టు తన ఫొటోలు తానే తీసుకునేది. పక్షుల కోసం చిత్తడినేలల్లోకీ, జాతరల కోసం కొండలెక్కీ ఆవిడ వెళ్లనవసరం లేకపోయింది. తన ఒళ్లు, తన ఇల్లు సరిపోయాయి.

రెండో చివర ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ జాక్ ఆన్రీ లార్తీగ్ ఉన్నాడు. 1894లో పుట్టినవాడు, ఏడెనిమిదేళ్లకే నాన్న కొనిచ్చిన కెమెరాతో మొదలుపెట్టాడు. అన్న తయారుచేసిన బండ్లు, గెంతుతున్న బంధువులు, ఎగిరిపడే కుక్కలు, ఇవీ ఆ పిల్లవాడి ఫొటోలు. లోకానికి అవి తెలిసింది 1963లో న్యూయార్క్‌లో మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ప్రదర్శన పెట్టాక, అప్పటికి ఆయనకి 69. ఎప్పుడు మొదలుపెట్టినా ఈ నలుగురూ తమ కళ్లెదుట ఉన్నదాన్నే వదలకుండా తీశారు.

ఇక ఫొటోవాక్‌లో అంతా కుర్రాళ్లే ఎందుకున్నారన్నది. డిజిటల్ కెమెరాల అమ్మకాలు 2010లో శిఖరానికి చేరాయి. జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్కల ప్రకారం ఆ ఏడాది ప్రపంచవ్యాప్తంగా 12 కోట్లకు పైగా కెమెరాలు షిప్ అయ్యాయి. 2023కి ఆ సంఖ్య 80 లక్షల లోపుకి పడిపోయింది. మధ్యలో జరిగింది స్మార్ట్‌ఫోన్. ఇవాళ్టి ఇరవై ఏళ్లవాడు ఫొటోగ్రఫీలోకి ఫోన్‌తోనే వస్తాడు, తన స్నేహితులతో వస్తాడు, తీసింది సాయంత్రానికి ఇన్‌స్టాలో పెడతాడు. అలాంటివాళ్లకి ఆదివారం పొద్దున లాడ్ బజార్‌లో కలవడం తేలిక. మీ ఈడువాళ్లు అదే సమయానికి పక్షుల కోసం అమీన్‌పూర్ చెరువు గట్టు మీదో, మంజీర వైపో, గుంటూరు వాళ్లయితే ఉప్పలపాడులోనో పెద్ద లెన్సులతో కూర్చుని ఉంటారు. ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టే రోజుల్లో వెళ్లి చూడండి, ట్రైపాడ్ల వెనక నెరిసిన తలలే ఎక్కువ. ఒకే ఊళ్లో రెండు తరాలూ ఒకదానికొకటి తెలియకుండా ఇలా ఫొటోలు తీసుకుంటున్నాయి. నాకు దీంట్లో బాధ కలిగించే విషయం ఇదే. ఆ ఇద్దరికీ ఒకరితో ఒకరికి పని ఉంది, దాని గురించి కింద రాస్తాను.

పిల్లల గురించి ఒక్క మాట. ఎనిమిది, పదేళ్ల పిల్లలకి కెమెరా కొనకండి, పాత ఫోన్‌లో సిమ్ తీసేసి ఇవ్వండి. కొడాక్ కంపెనీ 1900లో ఒక్క డాలర్‌కి బ్రౌనీ కెమెరా అమ్మినప్పుడు దృష్టిలో పెట్టుకున్నది పిల్లల్నే. పాడైనా పర్వాలేదన్న వస్తువు చేతిలో ఉంటేనే పిల్లలు ధైర్యంగా తీస్తారు. మా వేసవి క్లాసులో ఒక చిన్నమ్మాయి నాయనమ్మ ఫొటో అని చూపించింది. అందులో ముఖం లేదు. గడప మీద పసుపు రాసుకున్న రెండు పాదాలు, వేళ్లకి మట్టెలు, పక్కన సగం ఒలిచిన చిక్కుడుకాయల చాట. ఆ పిల్ల ఎత్తు నుంచి రోజూ కనిపించే నాయనమ్మ అదే. పెద్దవాళ్లం అదే ఫొటో తీయాలంటే "ఇటు చూడమ్మా, నవ్వమ్మా" అని మొదలుపెట్టేవాళ్లం.

ఇరవైల్లో ఉన్నవాళ్లకి ఒళ్లు సహకరిస్తుంది. వినాయక నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా జనంలో నలగగలరు. మేడారం జాతరకి వెళ్లి నిద్ర లేకుండా తిరగగలరు. దేవరగట్టు కర్రల సమరం ఫొటోల కోసం అర్ధరాత్రి కొండ మీదుండే గుంపులో వాళ్లే ఎక్కువ. వాళ్లకి లేనిది డబ్బు. ఈఎంఐ మీద కెమెరా కొంటారు, దాన్ని తీర్చడానికి ఆరు నెలలకే పెళ్లిళ్లలో సెకండ్ కెమెరాగా చేరతారు. ఆ తర్వాత ప్రీ వెడ్డింగ్ షూట్లు, ఆల్బమ్ డిజైన్, రీల్స్. ఆ పనిని తక్కువ చేయడం లేదు, చాలా ఇళ్లు దాని మీద నడుస్తున్నాయి. కానీ ముహూర్తాల సీజన్లో ఆ కుర్రాళ్లకి సొంత ఫొటో తీసుకునే ఓపిక మిగలదు. మూఢం వచ్చినప్పుడు, పెళ్లిళ్లు లేనప్పుడు మాత్రమే తమ కోసం కెమెరా పట్టుకునేవాళ్లు నాకు తెలుసు. హాబీగా దీన్ని కాపాడుకోవాలనుకునే పిల్లలకి నేను చెప్పేది, హాస్టల్ గది తీయండి, మీ మెస్ తీయండి, పరీక్షల ముందు రాత్రి మీ స్నేహితుల ముఖాలు తీయండి. నలభై ఏళ్లవాడు ఎంత ఖరీదైన కెమెరా కొన్నా ఆ గదిలోకి అతన్ని రానివ్వరు. కాశీ ఘాట్ల మీద సాధువుల ముఖాలు ఇప్పటికే లక్షల్లో ఉన్నాయి.

ముప్పై నుంచి నలభై అయిదు మధ్య ఒక ఖాళీ కనిపిస్తుంది. ఉద్యోగం వచ్చిన కొత్తలో, లేదా మొదటి బిడ్డ పుట్టినప్పుడు కెమెరా కొంటారు. బిడ్డ నడక నేర్చేసరికి అది బీరువాలోకి చేరుతుంది. మన కోస్తా గాలిలో తేమకి బీరువాలో మూసి ఉంచిన లెన్సు మీద ఫంగస్ పడుతుంది. గ్లాసు లోపల సాలెగూడులా సన్నటి పోగులు కనిపిస్తే అదే. ఈ వయసు వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి లెన్సు అందులో పెట్టండి, అప్పుడప్పుడూ తీసి వెలుతురులో వాడండి. మళ్లీ తీరిక వచ్చేనాటికి కెమెరా బతికుంటుంది.

ఇప్పుడు మీ వయసు. కళ్ల దగ్గర నుంచి చెబుతాను, ఎందుకంటే యాభై దాటాక ఈ హాబీ మానేసిన చాలామంది కళ్ల వల్లే మానేశారు, అది వాళ్లకే తెలియలేదు. నలభై దాటాక చత్వారం వస్తుంది. దూరపు కొంగ స్పష్టంగా కనిపిస్తుంది, చేతిలోని కెమెరా స్క్రీన్ మీద అంకెలు కనిపించవు. దాంతో జేబులోంచి రీడింగ్ గ్లాసెస్ తీయాలి, పెట్టుకోవాలి, మళ్లీ తీయాలి. ఈలోగా పక్షి లేచిపోతుంది. ప్రోగ్రెసివ్ అద్దాలవాళ్లు స్క్రీన్ చూడటానికి గడ్డం పైకెత్తి ఎత్తి మెడ నొప్పి తెచ్చుకుంటారు.

దీనికి మంచి మార్గం ఉంది. కెమెరాలో కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం ఒకటి ఉంటుంది, డయాప్టర్ అంటారు. చాలామంది దాన్ని ఒక్కసారి కూడా తిప్పరు. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి, బయటి దృశ్యాన్ని పట్టించుకోకుండా, కింద కనిపించే షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరుచుకుని ఉంటుందో చెప్పే) అంకెల్నే చూస్తూ ఆ చక్రాన్ని తిప్పండి. అంకెల అంచులు పదునుగా కనిపించిన చోట ఆపేయండి. కళ్లద్దాలతోనే తీస్తారా, తీసేసి తీస్తారా అన్నది ముందే నిర్ణయించుకుని ఆ పద్ధతిలోనే సెట్ చేయాలి. మిర్రర్‌లెస్ కెమెరాలో, అంటే లోపల అద్దం లేని కొత్త రకం కెమెరాలో, ఇంకో సౌకర్యం ఉంది. తీసిన ఫొటోని, మెనూని కూడా వ్యూఫైండర్ లోపలే చూడొచ్చు. అంటే వెనక స్క్రీన్‌తో, రీడింగ్ గ్లాసెస్‌తో పని తగ్గిపోతుంది, ఎండలో స్క్రీన్ కనిపించని బాధా ఉండదు. అందుకే యాభై దాటినవాళ్లకి నేను లోపల అద్దం ఉండే పాత డీఎస్ఎల్ఆర్ కంటే చిన్న మిర్రర్‌లెస్ కొనమంటాను. కొన్ని చవక మోడళ్లలో వ్యూఫైండరే ఉండదు, అది చూసుకోండి.

శుక్లాల పరీక్ష కూడా చేయించుకోండి. కంటి లెన్సు పసుపు తిరిగితే నీలం రంగు మసకగా కనిపిస్తుంది. అప్పుడు ఎడిటింగ్‌లో ఆకాశం రంగు పెంచేస్తూ పోతారు. ఆపరేషన్ అయ్యాక పాత ఫొటోలు తెరిచి, ఇంత నీలం ఎవరు వేశారని ఆశ్చర్యపోయిన పెద్దాయన మా క్లాసులోనే ఉన్నారు.

బరువు రెండో సంగతి. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరా బాడీకి 24-70 ఎఫ్2.8 జూమ్ లెన్సు తగిలిస్తే కిలోన్నర ప్రాంతంలో ఉంటుంది. పక్షుల కోసం అందరూ కొనే 150-600 లెన్సు ఒక్కటే సుమారు రెండు కిలోలు. దాన్ని ఎత్తి పట్టుకుని అరగంట నిలబడితే భుజం ఎలా ఉంటుందో కొనకముందు షాపులో తెలియదు. చేతులు కొద్దిగా వణకడం అరవై దగ్గర పడ్డాక మామూలే. పాత లెక్క ప్రకారం లెన్సు ఫోకల్ లెంగ్త్ (లెన్సు మీద ఎంఎంలలో రాసి ఉండే అంకె) ఎంతో అంతకంటే షట్టర్ స్పీడ్ వేగంగా ఉండాలి. 50 ఎంఎంకి 1/50 సెకను, 600కి 1/600. మీరు దానికి రెట్టింపు వేగం పెట్టుకోండి. బాడీలోనే స్టెబిలైజేషన్ ఉన్న కెమెరా అయితే చేతి వణుకు చాలావరకు అదే సర్దుతుంది. ట్రైపాడ్ మోయలేకపోతే ఒంటికాలి మోనోపాడ్, కారులోంచి తీసేటప్పుడు కిటికీ మీద బియ్యం నింపిన గుడ్డసంచి. మోకాళ్లు వంగని వాళ్లకి తిరిగే స్క్రీన్ వరం. కెమెరాని నడుం దగ్గర పట్టుకుని పై నుంచి చూస్తూ తీయొచ్చు.

అయితే రిటైర్మెంట్ డబ్బులు రాగానే పెద్ద లెన్సు కొనేయకండి. గ్రూపులో అందరి దగ్గరా ఉందని కొని, రెండు ట్రిప్పుల తర్వాత అమ్మకానికి పెట్టినవాళ్లు ప్రతి గ్రూపులోనూ ఉంటారు. పక్షులంటే మీకు ముందు నుంచీ ప్రాణమైతే తప్పకుండా కొనండి. లేకపోతే అరవై ఏళ్లవాళ్లకి మాత్రమే దొరికే ఫొటోలు వేరే ఉన్నాయి.

తెల్లజుట్టు మనిషి కెమెరా పట్టుకుని వీధిలో నిలబడితే ఎవరూ అనుమానంగా చూడరు. పాతికేళ్లవాడు అదే పని చేస్తే "ఎవరయ్యా నువ్వు, ఆడవాళ్ల ఫొటోలు తీస్తున్నావా" అంటారు. మిమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తారు. మంగళగిరి మగ్గం గుంటలో కూర్చున్న నేతన్న మీతో తన మోకాళ్ల నొప్పి చెప్పుకుంటాడు, మీరూ మీది చెబుతారు, ఆ తర్వాత కెమెరా బయటికి తీసినా అతను బిగుసుకుపోడు. మీరు పాతికేళ్లు బ్యాంకులో చేసిన ఊళ్లు, అక్కడి ఖాతాదారులు, ఇప్పుడు కూలగొడుతున్న మండువా ఇళ్లు, మీ బ్యాచ్ వాళ్లు, మీ ఆవిడ పొద్దున పూట తులసికోట దగ్గర, ఇవన్నీ మీరు తీయకపోతే ఇంకెవరూ తీయరు. వాటికి 35 లేదా 50 ఎంఎం ఉన్న ఒక చిన్న లెన్సు చాలు.

పోటీల గురించి కూడా చెప్పాలి. మీ వయసువాళ్లని ఈ హాబీలో బాగా లాగేది సాలన్ పోటీలు (ఫొటోగ్రఫీ సంఘాలు పెట్టే ఎగ్జిబిషన్ పోటీలు), మెడల్స్, బిరుదుగా పేరు పక్కన వచ్చే అక్షరాలు. వాటివల్ల క్రమశిక్షణ వస్తుంది, ప్రింట్ నాణ్యత తెలుస్తుంది, అది మంచిదే. కానీ పోటీ కోసం డబ్బిచ్చి గొర్రెల కాపరిని దుమ్ములో నడిపించి, పది మంది ఒకే చోట నిలబడి ఒకే ఫొటో తీసుకునే ట్రిప్పులకి దూరంగా ఉండమని గట్టిగా చెబుతాను. ఆ ఫొటోలో మీ జీవితం ఒక్క అంగుళం కూడా ఉండదు.

మీ ఆవిడకి కూడా ఆసక్తి ఉంటే వెంట తీసుకెళ్లండి. నలభై, యాభైల్లో ఉన్న ఆడవాళ్లు ఫోన్లో ముగ్గులూ, మొక్కలూ, వంటలూ ఎంతో శ్రద్ధగా తీస్తారు. వెలుతురు ఎటు నుంచి పడాలో వాళ్లకి తెలుసు. గ్రూపులు తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరతాయి, కార్లలో అంతా మగవాళ్లే ఉంటారు, అందుకే వాళ్లు రాలేకపోతున్నారు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కలిసి వచ్చిన గ్రూపుల్లో మాత్రం వాళ్లు ఏళ్ల తరబడి కొనసాగడం చూశాను.

ఇందాక రెండు తరాలకీ ఒకరితో ఒకరికి పని ఉందన్నాను. మీరు ఆగ్ఫా క్లిక్ త్రీలో పన్నెండు ఫొటోల రీలు చూసిన తరం. ఒక్కో ఫొటోకి ఆగి చూడటం మీకు అలవాటు. చార్మినార్ దగ్గర మీరు చూసిన కుర్రాడు గంటలో కొన్ని వందల ఫ్రేములు కొడతాడు, ఏది ఉంచాలో తేల్చుకోలేక అన్నీ ఉంచుకుంటాడు. అతని పక్కన కూర్చుని, ఈ నాలుగూ ఒకటే, ఈ ఒక్కదాంట్లో చెయ్యి కదిలింది చూడు అని చెప్పేవాళ్లు అతనికి కావాలి. మీకు లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్లైడర్లూ మాస్కులూ ఓపిగ్గా చూపించేవాళ్లు కావాలి. మనవాళ్లలో పెద్దవాళ్లకి ఇంకో అలవాటుంది, మనుషుల్ని వరసగా నిలబెట్టి "రెడీ" అనడం. కుర్రాళ్లతో పది వారాలు తిరిగితే అది పోతుంది. కదులుతున్న మనిషిని కదులుతుండగానే తీయడం వాళ్లని చూసే వస్తుంది.

పిల్లల్ని కలుపుకోవడానికి ఒక చిన్న ఆధారం కూడా మీ ఇంట్లోనే ఉండొచ్చు. 2005, 2010 మధ్య కొన్న చిన్న డిజిటల్ కెమెరా ఏదైనా బీరువాలో పడి ఉంటే చార్జర్‌తో సహా వెతికి తీయండి. ఇప్పటి కాలేజీ పిల్లలు ఆ పాత రంగుల కోసమే అలాంటివి వెతుక్కుంటున్నారు. ఫిల్మ్ కెమెరాలకీ మళ్లీ గిరాకీ వచ్చింది, పెంటాక్స్ కంపెనీ 2024లో కొత్తగా ఒక ఫిల్మ్ కెమెరా విడుదల చేసింది. రీలు ఎక్కించడం వాళ్లకి రాదు, మీకు వచ్చు.

కాబట్టి వచ్చే ఆదివారం అదే ఫొటోవాక్‌కి మళ్లీ వెళ్లండి, ఈసారి చివరి దాకా ఉండండి. వాక్ అయ్యాక అందరూ ఇరానీ చాయ్ దగ్గర కూర్చుని ఫొటోలు చూపించుకుంటారు, అసలు పరిచయాలు అక్కడే అవుతాయి. మొదటి మూడు నెలలు ఫోన్‌తోనే తీయండి. తర్వాత కెమెరా కొనే ముందు కోఠిలో గానీ అద్దెకిచ్చే షాపుల్లో గానీ రెండు రోజులు అద్దెకు తీసుకుని, మెడలో వేసుకుని నాలుగు గంటలు నడిచి చూడండి. ఒక రోజు పక్షుల లెన్సు, ఒక రోజు చిన్న 35 ఎంఎం. ఏ రోజు ఫొటోలు మీ ఆవిడకి, మీ పిల్లలకి చూపించాలనిపించిందో గమనించండి. మీ కళ్లద్దాల పవరు, అద్దాలతో తీయాలనుకుంటున్నారా లేకుండానా, ఎంత ఖర్చు పెట్టగలరు అన్నవి రాస్తే ఏ మోడల్ అయితే బాగుంటుందో చెబుతాను.